తెర ఎర్రబడిన రోజు

"ముందు ఇవేంటో చెప్పు. కాఫీ తర్వాత తాగుదువుగాని," అంది పుణ్యవతి.

కోడలి ముందు స్టీలు పళ్ళెంలో ఇంజెక్షన్ మందుండే రెండు గాజు ఆంపూల్స్ ఉన్నాయి. గోధుమరంగువి, చిటికెన వేలిలో సగం ఉంటాయేమో. సర్ఫు నీళ్ళలో నానినా వాటి మీది అక్షరాలు చెరగలేదు.

"నీ తెల్లకోటు జేబులో దొరికాయి. గుంజుతుంటే చేతికి తగిలాయి. పగిలి ఉంటే నా చెయ్యి ఏమయ్యేది?"

గ్రేస్ ఒక ఆంపూల్ తీసి వెలుతురుకి పట్టి చూసింది. మెడ విరగలేదు. మందు నిండుగా ఉంది. రెండోదీ అంతే. ఆ తర్వాత గోడకున్న మిషన్ స్కూలు క్యాలెండరు వైపు తిరిగి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. తొమ్మిది.

ఆవిడ కాఫీ గ్లాసు పక్కకి జరిపేసింది.

గోడ అవతల వెనక వాటాలో కాపురముంటున్న కిష్టయ్య మూలిగాడు. మూలుగు కాదు, మాట్లాడదామని చేసిన ప్రయత్నం. తొమ్మిది రోజుల నుంచి ఆయన నోట్లోంచి మాటకి బదులు అదే వస్తోంది. వెనకే ఆయన భార్య కొమురమ్మ గొంతు వినిపించింది.

"ఏం గావాలె? నీళ్ళా? జర ఆగు, నేనే అస్తున్న. పాపం జేసినదాన్ని, నేనే అస్తున్న."

ఆ 'పాపం చేసినదాన్ని' అన్న మాట హఫీజ్‌పేటలో ఆ ఇంటివాళ్ళందరికీ అలవాటైపోయింది. పొద్దున్నే పాలప్యాకెట్ తీసుకుంటూ కూడా అదే మాట అంటోంది ఆ ఇల్లాలు.

బడికి బయల్దేరుతున్న దేవరాజు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. మూసాపేటలో లెక్కల మాస్టారు. భార్య మొహం చూసి పళ్ళెం వైపు చూశాడు.

"ఏంటవి?"

"ఆ రోజు కిష్టయ్యగారి ఆపరేషన్లో కలపాల్సిన మందండి," అంది గ్రేస్. "కలపలేదు."

వీధిలో కూరగాయల బండివాడు టమాటా ధర అరుచుకుంటూ పోయాడు.

"నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా," అంది పుణ్యవతి, ఎదురుగా కూర్చుంటూ.

గ్రేస్ చెప్పింది. పద్నాలుగేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తున్న మనిషి, ఇలాంటివి పేషెంట్లకి ఎన్నిసార్లు చెప్పిందో. ఈసారి మాత్రం గొంతు తనది కానట్టుంది.

"భుజాన్ని కోసి తెరవరత్తయ్యా. చిన్న కన్నం పెట్టి గొట్టం దూరుస్తారు. దాని చివర కెమెరా ఉంటుంది. డాక్టరుగారు చూసేది భుజాన్ని కాదు, ఎదురుగా ఉన్న టీవీని. లోపల కనపడాలంటే సెలైన్ నీళ్ళు పారుతూనే ఉండాలి. మూడేసి లీటర్ల సంచులు పైన వేలాడదీస్తాం. ఆ నీళ్ళలో నెత్తురు కలిసిందంటే తెర ఎర్రబడిపోతుంది. ఇంకేం కనపడదు. అందుకని సంచిలో ఈ మందు కలుపుతాం. రక్తనాళాలు బిగుసుకుని నెత్తురు ఊరడం తగ్గుతుంది."

"కలపకపోతే?"

"ఆ రోజు తెర ఎర్రబడింది. చూసుకోవడానికి వీల్లేక డాక్టరుగారు మత్తు డాక్టరుని బీపీ దించమన్నారు. బీపీ దిగితే నెత్తురు కారడం తగ్గుతుంది. కానీ ఆ ఆపరేషన్ మనిషిని కూర్చోబెట్టి చేస్తారత్తయ్యా. తల పైనుంటుంది. మరీ దించితే ముందు తలకే నెత్తురు అందదు."

మిగతాది చెప్పక్కర్లేకపోయింది. మత్తు దిగేసరికి కిష్టయ్యకి కుడి చెయ్యీ, కుడి కాలూ, నోట్లో మాటా పోయాయని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. భుజం మటుకు చక్కగా బాగుపడింది. దాని కింద చెయ్యే కదలదు.

"నువ్వు మర్చిపోయే మనిషివి కాదే," అన్నాడు దేవరాజు మెల్లగా.

అదే కదా గ్రేస్‌నీ తొలిచేస్తున్నది. మర్చిపోకుండా ఉండటానికి ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి పెట్టిందే ఆవిడ. మందు కలిపిన సంచి మెడకి తెల్ల ప్లాస్టర్ ముక్క అంటిస్తుంది. ప్లాస్టర్ ఉంటే మందు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. రెండోసారి ఎవరూ కలపరు, అసలు కలపకుండా ఎవరూ వదలరు. కొత్తగా చేరిన నర్సులకి అది నేర్పిందీ గ్రేసే. ముందు మందు, తర్వాత ప్లాస్టర్. ఈ వరస తప్పితే ఊరుకునేది కాదు.

పోయిన వారం గురువారంనాడు ఆవిడే తప్పింది. డాక్టరు తొందరపెడుతున్నాడు, పేషెంటు ఇంటి మనిషి లాంటివాడు, చేతులు వేగంగా ఆడాయి. నాలుగు సంచులకీ ముందే ప్లాస్టర్లు అంటించేసింది. రెండింట్లో మందు కలిపింది. ఇంతలో ఆసుపత్రి ఆయమ్మ వచ్చి బయటికి పిలిచింది. థియేటర్ బట్టలతో బయటికి వెళ్ళకూడదు కాబట్టి పైన తెల్లకోటు తొడుక్కుంది. చేతిలో ఉన్న రెండు ఆంపూల్స్ కోటు జేబులో వేసుకుంది. తిరిగొచ్చి చూస్తే నాలుగింటికీ ప్లాస్టర్ ఉంది.

తన గుర్తుని తనే నమ్మింది.

దేవరాజు ఆంపూల్స్ అరచేతిలోకి తీసుకున్నాడు. పెరటివైపు నడిచాడు.

"ఎక్కడికండీ?"

"మోరీలో పారేసి వస్తా. నువ్వు చూడలేదు. అమ్మా చూడలేదు."

"ఇలా ఇవ్వండి."

"గ్రేస్, నువ్వు కావాలని చేశావా?"

"లేదు."

"మరి? హాస్పిటలు వాళ్ళే చెబుతున్నారు కదా, ఆ పొద్దున కొమురమ్మ బీపీ గోలీ వేసిందనీ, దానివల్లే బీపీ పడిపోయిందనీ. డాక్టర్ల మాట అది. మధ్యలో నువ్వెళ్ళి కాదు నావల్లే అంటే నర్సు సర్టిఫికెట్టు ఉంచుతారా నీకు? ఇంకెక్కడైనా రానిస్తారా?"

"వాళ్ళు చెప్పేది నిజం కాదని నాకు తెలుసు కదండీ."

"నీకు తెలిస్తే ఆయనకి మాట వస్తుందా?"

పుణ్యవతి లేచి కొడుకు చేతిలోంచి ఆంపూల్స్ తీసుకుంది. కోడలి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"గోడకవతల కొమురమ్మ తొమ్మిది రోజులుగా తనని తాను తిట్టుకుంటోందిరా," అంది కొడుకుతో. "నాకు చెవులున్నాయి. అంతకుమించి నేను చెప్పేదేం లేదు."

"ఇల్లు గడవాలి కదమ్మా," అన్నాడు దేవరాజు. కోపంగా కాదు. భయంగా అన్నాడు. భయపడ్డప్పుడు ఆయన గొంతు బాగా తగ్గిపోతుంది. టిఫిను తినకుండానే బడికి వెళ్ళిపోయాడు.

*

కొండాపూర్ రోడ్డు మీది ఆ కొత్త ఆసుపత్రిలో డాక్టర్ కామేశ్వరరావు గది కిటికీలోంచి చూస్తే హైటెక్ సిటీ గుండ్రటి భవనం కనిపిస్తుంది. దాని పది అంతస్తుల కప్పులకీ లప్పం పెట్టి రంగులేసిన వాళ్ళలో కిష్టయ్య ఒకడు. రెండేళ్ళు చెయ్యి పైకెత్తి పనిచేశాడు. ఆ భుజం అరిగింది అక్కడే.

"కింద కూసునేటోళ్ళు కంపూటర్ దిక్కు జూస్తరు సిస్టరమ్మా. నేనేసిన రంగు ఎవ్వడు జూడడు," అనేవాడు నవ్వుతూ. మళ్ళీ చెయ్యి లేస్తే చాలనుకున్నాడు. నేను చూసుకుంటాను రండి అని ఈ ఆసుపత్రికి తీసుకొచ్చింది గ్రేస్.

"కూర్చో గ్రేస్," అన్నాడు డాక్టరు. ఆయనా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. "సోమవారం పది గంటలకి విచారణ కమిటీ. థియేటర్ సిస్టర్‌గా నీ స్టేట్‌మెంట్ కావాలి. టైప్ చేయించాను, చదువుకుని సంతకం పెట్టు."

కాగితంలో నాలుగే వాక్యాలు. మూడో వాక్యం దగ్గర గ్రేస్ చూపు ఆగింది. 'నాలుగు సెలైన్ సంచులలోనూ నియమం ప్రకారం మందు కలపబడింది.'

"మూడో బ్యాగు పెట్టిన దగ్గర్నుంచి నాకేమీ కనపడలేదు," అన్నాడు కామేశ్వరరావు కిటికీ వైపు చూస్తూ. ఆవిడకి చెబుతున్నాడో తనకే చెప్పుకుంటున్నాడో తెలియలేదు. "స్టాండు ఎత్తించాను. నీళ్ళ జోరు పెంచాను. టీవీ నిండా ఎరుపే. కనపడకుండా లోపల పరికరం ఆడించలేను కదా. బీపీ దించమన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు అడిగాను. రెండోసారి అడక్కుండా ఉండాల్సింది."

గ్రేస్ చేతిసంచిలో, జేబురుమాలు మడతలో, ఆంపూల్స్ ఉన్నాయి. తీసి బల్ల మీద పెడితే అయిపోయేది. చెయ్యి సంచి దాకా వెళ్ళింది.

"మందు అన్నిట్లోనూ కలిపావు కదా?"

"అన్నిటికీ ప్లాస్టర్ ఉంది సార్."

అబద్ధం ఆడలేదు ఆవిడ. నిజమూ చెప్పలేదు. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే తర్వాత ఆవిడకే అసహ్యం వేసింది.

డాక్టరు ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. "అవును, నేనూ చూశాను. ఉంది," అన్నాడు. మళ్ళీ అడగలేదు. తెలుసుకోవాలని లేనివాళ్ళు ఒక్కసారే అడుగుతారు.

"కొమురమ్మ మీద పెడుతున్నారు సార్ తప్పంతా," అంది గ్రేస్.

"మనం పెట్టేదేముంది? ఆవిడే చెప్పింది. నిన్న మన ఆసుపత్రి ఆఫీసులో వేలిముద్ర కూడా వేసింది." ఇంకో కాగితం ముందుకి తోశాడు. "గోలీ ఎవరైనా వెయ్యమన్నారా అని రెండుసార్లు అడిగారట. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే వేశాను అంది."

గ్రేస్ ఆ కాగితం చదివింది. చివర వేలిముద్ర నీలంగా, ఒక పక్కకి చెదిరి ఉంది.

ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం పెరటి గట్టు మీద నిలబడి గ్రేసే చెప్పింది. 'పొద్దున్నే ఏమీ పెట్టొద్దు కొమురమ్మా. బీపీ గోలీ ఒక్కటి మాత్రం గుక్కెడు నీళ్ళతో వెయ్యి.' ఆసుపత్రిలో అందరికీ చెప్పేదే అది. అందులో తప్పేమీ లేదు. కొమురమ్మ ఆ మాట వాళ్ళకి ఎప్పుడో చెప్పి ఉంటుందనుకుంది గ్రేస్. ఈ తొమ్మిది రోజులూ ఎవరో ఒకరు పిలిచి తనని అడుగుతారనే చూసింది.

ఎవరూ పిలవలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"సంతకం సోమవారం పెడతాను సార్," అంది లేస్తూ.

"ఇప్పుడే పెడితే ఇద్దరికీ మంచిది గ్రేస్."

ఆవిడ వినపడనట్టే తలుపు తీసుకుని బయటికొచ్చేసింది.

*

సెవెన్ సీటర్ ఆటో హఫీజ్‌పేట స్టేషను గేటు దగ్గర దించేసరికి నాలుగైంది. గ్రేస్ తన ఇంట్లోకి వెళ్ళలేదు. పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి నడిచింది. ఇంట్లోకి వెళ్తే మళ్ళీ బయటికి వచ్చే ధైర్యం ఉండదని ఆవిడకి తెలుసు.

నవారు మంచం గోడకి చేరేసి కిష్టయ్యని ఆనించి కూర్చోబెట్టారు. కొమురమ్మ చెంచాతో జావ తాగిస్తోంది. కుడివైపు నుంచి కారిపోతున్న జావని కొంగుతో తుడుస్తోంది. గడప మీద పుస్తకం తెరుచుకుని కూతురు సంధ్య. ఇంటర్ రెండో సంవత్సరం. గోలీ మాట విన్న రోజు నుంచి ఆ పిల్ల తల్లితో మాట్లాడటం మానేసింది. తల్లి వండింది తింటుంది. తల్లి ఉతికింది కట్టుకుంటుంది. మాట మాత్రం లేదు.

"అచ్చినవా అక్కా," అంది కొమురమ్మ. "కూసో. ఇయ్యాల నాలుగు చెంచాలు తాగిండు."

గ్రేస్ తెల్లచీరతో నేల మీదే కూర్చుంది.

"గోలీ నీ అంతట నువ్వే వేశావని రాయించావంట."

కొమురమ్మ తలెత్తకుండా జావ కలిపింది.

"ఆ, జెప్పిన."

"వెయ్యమన్నది నేను కదా."

గడప మీద సంధ్య తలెత్తింది.

"నీ పేరు జెప్తే ఏమొస్తదక్కా?" అంది కొమురమ్మ. "ఆయన లేస్తడా? నీ నౌకరి పోతది. మమ్మల్ని దవాఖానకు తోల్కపోయింది నువ్వు. సొంత అక్క లెక్క సూసుకున్నవ్. నువ్వు మంచిగనే జెప్పినవ్, మా నసీబ్ల లేదు. ఇగ నేనే మోస్త తీ."

గ్రేస్‌కి ఏడుపు వచ్చింది. ఏడవకూడదనుకుంది. ఇక్కడ ఏడ్చే హక్కు తనకి లేదు.

చేతిసంచి తెరిచి, రుమాలు మడతలు విప్పి, అరచెయ్యి చాపింది.

"గోలీ వల్ల కాదు కొమురమ్మా. నువ్వు వేసినందుకూ కాదు, నేను వెయ్యమన్నందుకూ కాదు. ఇదిగో, ఈ రెండూ నీళ్ళలో కలపాలి. నేను కలపలేదు. అందుకే డాక్టరుగారికి లోపల కనపడలేదు. కనపడక బీపీ దించమన్నాడు. దానివల్ల అయింది ఇది. నా వల్ల అయింది."

కొమురమ్మ ఆ గాజు ఆంపూల్స్ వైపు చూసింది. అంత చిన్నవాటితో ఇంత జరుగుతుందని నమ్మలేకపోయినట్టుంది.

"గంతేనా?" అంది చివరికి. "నా చేతుల ఏం తప్పు లేదా?"

"లేదు. ఏమీ లేదు."

కొమురమ్మ గిన్నె కింద పెట్టేసింది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆ మనిషి భుజాలు కాస్త కిందికి దిగాయి. మొహం కొంగులో దాచుకుంది. గ్రేస్ ఆ కాసేపూ చూసింది. రావడం మంచిదే అయిందనుకుంది.

"ఎందుకు కలపలేదు ఆంటీ?"

అడిగింది సంధ్య. ఆ పిల్ల లేచి నిలబడి ఉంది.

"మర్చిపోయిన్రా?"

"లేదమ్మా. సగం కలిపాను. ఇంతలో పిలిచారు. తలుపు దగ్గర మీ అమ్మ..."

గ్రేస్ అక్కడ ఆగిపోయింది. ఆ మాట ఎక్కడికి పోతోందో ఆలస్యంగా తెలిసింది. వెనక్కి తీసుకుందామంటే అప్పటికే కొమురమ్మ కొంగులోంచి మొహం ఎత్తింది.

"నేను ఏడుస్తుంటి గదా," అంది కొమురమ్మ నెమ్మదిగా. "భయమైంది నాకు. ఆయమ్మ కాళ్ళు మొక్కిన. మా సిస్టరక్కను ఒక్కపారి పిలువమ్మా, మొకం జూపిచ్చి పోతది అని. నువ్వు అచ్చి నా చెయ్యి పట్టుకున్నవ్. ప్రార్థన గూడ జేసినవ్."

"అది కాదు కొమురమ్మా..."

"నేను పిలువకపోతే కలుపుతుంటివి గదా."

"తిరిగొచ్చి చూసుకోవాల్సింది నేను. అది నా పని. నీది కాదు."

కొమురమ్మ వినడం లేదు. బొటనవేలి మీద ఇంకా పోని నీలం సిరాని రెండో చేత్తో రుద్దుకుంటోంది.

"గట్లయితే మల్ల నేనే గదక్కా," అంది.

అంత మామూలుగా అంది, ఇన్నాళ్ళూ మోస్తున్నదాన్ని మళ్ళీ ఎత్తుకున్నట్టు. ఈవిడ మీది బరువు దించుదామని వచ్చి ఇంకోటి పెట్టాను అనుకుంది గ్రేస్. ఏం చెప్పినా ఇక ఆ మనిషి నమ్మదనిపించింది.

సంధ్య మంచం దగ్గరికి వచ్చింది. తల్లి పక్కన కూర్చుని, సిరా రుద్దుకుంటున్న ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"అమ్మా," అంది.

తొమ్మిది రోజులకి ఆ పిలుపు వినేసరికి కొమురమ్మ బెదిరినట్టు చూసింది.

"నువ్వు గాదే. భయమైతే పిలువరా ఎవలైన? గది తప్పెట్లైతది? నేనే నీది తప్పనుకున్న. నువ్వు గాదు."

తల్లి కూతురి భుజం మీద తలపెట్టి ఏడ్చింది. గ్రేస్ అరచెయ్యి అలాగే చాపి ఉంది. ముడుచుకోవడం కూడా మర్చిపోయింది.

కాసేపటికి సంధ్య చెయ్యి చాపి ఆ రెండు ఆంపూల్స్ తీసుకుంది.

"సోమవారం మీరు గీ మాట అందరి ముంగట చెప్తరా ఆంటీ?"

గ్రేస్ నోరు తెరిచింది. దేవరాజు పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. టైపు చేసిన కాగితంలో మూడో వాక్యం గుర్తొచ్చింది. చెబుతాను అనడానికి ఒక్క మాట చాలు. అది పెగల్లేదు.

"ఇవి మా తాన ఉంటయి," అంది సంధ్య.

"ఆంటీకి ఇచ్చెయ్యి బిడ్డా," అంది కొమురమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఆమె నౌకరి పోతది."

"నాయిన చెయ్యి పోయింది. మాట పోయింది."

మంచం కిర్రుమంది. ముగ్గురూ అటు తిరిగారు.

ఆయనకి పోయింది మాటే, వినికిడి కాదు. ఆ సంగతి అప్పటిదాకా ఆ ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. కిష్టయ్య గోడకి ఆనుకుని గ్రేస్‌నే చూస్తున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదికి జారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా లేదు.

ఎడం చెయ్యి దుప్పటి మీంచి లేచింది. కూతురి వైపు చాచాడు. అరచెయ్యి విప్పి, ఆ రెండు ఆంపూల్స్ ఇమ్మని అడుగుతున్నాడు.

గ్రేస్‌కి తిరిగి ఇచ్చేయడానికో, తన దగ్గర దాచుకోవడానికో ఎవరికి తెలుసు? అడిగితే చెప్పడానికి ఆయనకి మాట లేదు.

సంధ్య పిడికిలి విప్పింది.